కళ్ళు కాదు, తిరిగేది చెవి

తెలుగులో మనిషి తూలితే ముందు కళ్ళు తిరుగుతాయి. ఇంకొంచెం ఎక్కువైతే తల తిరుగుతుంది. ఎండలో నిలబడినా, ఉపవాసం ఉన్నా, బీపీ పడిపోయినా, బస్సులో వెనక సీట్లో కూర్చున్నా మాట మాత్రం అదే: "కళ్ళు తిరుగుతున్నాయండి." డాక్టరుగారికీ అదే చెబుతాం, మందుల షాపులో కుర్రాడికీ అదే చెబుతాం. చెవి పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. చెవి అంటే వినడానికి, పోగులు పెట్టుకోవడానికి, స్కూల్లో మాస్టారు మెలెయ్యడానికి. అంతే.

ఆ చెవి లోపల, ఎముక మధ్యలో, వేలిగోరంత చోటులో ఇంకో యంత్రాంగం ఉందనీ, మనం నిలబడటం, నడవడం, దారి గుర్తుపెట్టుకోవడం అంతా దానితో ముడిపడి ఉందనీ నాకు 28వ ఏట తెలిసింది. తెలిసిన తీరు ఏమంత బాగోలేదు. కానీ తెలిసింది మాత్రం చాలామందికి పనికొస్తుంది.

ఫోన్లో ఉన్నదే చెవిలోనూ

మీరు ఇది చదువుతున్న ఫోన్‌ని అడ్డంగా తిప్పి చూడండి. తెర కూడా అడ్డం తిరుగుతుంది. ఫోన్‌కి ఎటువైపు నేల ఉందో చెప్పే సెన్సర్ ఒకటుంది, యాక్సెలరోమీటర్. ఎటు, ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సర్ ఇంకొకటి, జైరోస్కోప్. మ్యాప్స్‌లో నీలం చుక్క మీరు తిరిగినప్పుడల్లా తనూ తిరగడానికీ, గేమ్‌లో ఫోన్ వంచితే కారు వంగడానికీ ఇవే సాయం చేస్తాయి.

ఈ రెండూ మన చెవిలో ముందునుంచీ ఉన్నాయి. జైరోస్కోప్ పని చేసేవి మూడు సన్నటి గొట్టాలు. స్కూల్లో వీటి పేరు అర్ధవర్తుల కుల్యలు అని బట్టీ పట్టాం. కుల్య అంటే కాలువ అని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పాలకొల్లు పిల్లలకి బట్టీ పట్టే పనే ఉండేది కాదు. ఒక్కో చెవిలో మూడు కాలువలు, ఒకదానికొకటి అడ్డంగా. అవునని తల ఊపినా, కాదని తిప్పినా, భుజం మీదకి వాల్చినా వీటిలో ఒకటో రెండో ఆ కదలికని పట్టేస్తాయి.

ఎలాగంటే, తల తిరిగితే గొట్టం కూడా తిరుగుతుంది గానీ లోపలున్న ద్రవం ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ తేడాకి లోపల ఉన్న సన్నటి రోమాల్లాంటివి వంగుతాయి. లాకులు ఎత్తి నీళ్ళు వదిలినప్పుడు కాలవ అడుగున నాచు ఒకవైపుకి వాలుతుంది చూడండి, అలాగ. ఆ వంపే మెదడుకి వార్త.

చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడి ఆగాక కూడా ప్రపంచం గిర్రున తిరుగుతూనే ఉండేది కదా, దానికి కారణం ఇదే. కాళ్ళు ఆగాయి గానీ చెవిలో నీరు ఇంకా ఆగలేదు. ఊపు మీద ఉంది.

యాక్సెలరోమీటర్ పని చేసేవి ఇంకో రెండు చిన్న సంచులు, యుట్రికిల్, శాక్యూల్. వాటిలో మెత్తటి పొర మీద కంటికి ఆనని స్ఫటికాలు పరిచి ఉంటాయి. అవి కాల్షియం కార్బొనేట్. అంటే సున్నపురాయిలో ఉన్న సరుకే. తల వంచితే వాటి బరువుకి పొర జారుతుంది, నేల ఎటుందో తెలిసిపోతుంది. తాపీమేస్త్రి గోడ మీద రసమట్టం పెట్టి చూస్తాడే, అలాంటిది మన తలకాయలో రెండువైపులా ఒక్కోటి ఉందన్నమాట. అంతరిక్షంలోకి వెళ్ళిన చాలామందికి తొలిరోజుల్లో వాంతులు, తిప్పటం ఉంటాయి. అక్కడ రసమట్టానికి కింద, పైన అనేవి ఉండవు మరి.

ఒక చిన్న పరీక్ష. ఫోన్ కదలకుండా పట్టుకుని, తలని గబగబా అటూ ఇటూ ఆడిస్తూ ఈ లైను చదవండి. చదవగలరు. ఇప్పుడు తల కదపకుండా ఫోన్‌ని అదే వేగంతో ఆడించండి. అక్షరాలు అలుక్కుపోతాయి. మొదటిసారి మీ చెవి కదలికని పసిగట్టి, దాదాపు 10 మిల్లీసెకన్లలో కంటికి కబురు పెట్టింది. తల కుడికి వెళితే కన్ను అంతే ఎడమకి జరిగింది. రెండోసారి కదిలింది ఫోన్ కాబట్టి చెవికి తెలియలేదు, కన్ను ఒంటరిదైపోయింది. మన శరీరంలో అతివేగంగా జరిగే ప్రతిచర్యల్లో ఇదొకటి. రోజూ వేలసార్లు జరుగుతుంది. జరుగుతున్నట్టే తెలియదు.

ఫ్యాను ఆగింది, గది ఆగలేదు

నాకు తెలిసింది రెండేళ్ళ కిందట వానాకాలంలో. ఇంటినుంచే పని కాబట్టి అప్పటికి పాలకొల్లులోనే ఉంటున్నా. జలుబు చేసి తగ్గి వారమైంది. ఒక పొద్దున్న కళ్ళు తెరిస్తే గది పక్కకి జారిపోతోంది. కరెంటు పోయి ఫ్యాను ఆగి ఉంది, గది మాత్రం తిరుగుతోంది. లేవబోయి గోడకి గుద్దుకున్నా. మూడు రోజులు వాంతులు. మంచం పట్టెని గట్టిగా పట్టుకుని పడుకోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయా. అమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి దిష్టి తీసింది. ఒకచోట గ్యాస్ అన్నారు. ఇంకోచోట "కంప్యూటర్ ముందు కూర్చుంటారు కదా, మెడ" అన్నారు.

చివరికి భీమవరంలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు తన ముక్కు వంక చూస్తూ ఉండమని, నా తలని రెండు చేతులతో పట్టుకుని చటుక్కున కుడికి తిప్పారు. తర్వాత ఎడమకి. ఎడమకి తిప్పినప్పుడు నా చూపు ఆయన ముక్కు మీదే ఉంది. కుడికి తిప్పినప్పుడు జారిపోయి, ఒక్క క్షణం ఆగి వెనక్కి వచ్చింది. అంతే పరీక్ష. 1988లో సిడ్నీలో హల్మాగీ, కర్తోయిస్ అనే ఇద్దరు దీన్ని వైద్యలోకానికి చెప్పారు. మిషను అక్కర్లేదు, రెండు చేతులు చాలు.

"కుడి చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరం వాచింది బాబూ. వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అంటారు. వైరస్ వల్ల అయ్యుంటుంది. వినికిడికి ఏం ఢోకా లేదు" అన్నారాయన.

రెండు చెవులూ మనం కదలకుండా కూర్చున్నప్పుడు కూడా మెదడుకి సమానంగా సిగ్నల్ పంపుతూనే ఉంటాయట. త్రాసులో రెండు పళ్ళాల్లాగ. నా కుడి పళ్ళెంలో బరువు ఒక్కసారిగా తీసేశారు. ఎడమ పళ్ళెం కిందికి దిగింది. మెదడు దాన్ని చూసి "ఓహో, మనం ఎడమకి గిర్రున తిరుగుతున్నాం" అనుకుంది. మంచం మీద కదలకుండా పడుకున్నవాణ్ణి తిప్పేసింది.

తిరగడం వారంలో తగ్గిపోయింది. అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

ఆరు అంకెలు

ఓటీపీ వస్తుంది కదా. ఆరు అంకెలు. మెసేజ్‌లో చూసి, ఇంకో తెర మీదకి వెళ్ళి కొట్టాలి. ఆ రెండు సెకన్లలో నాకు నాలుగో అంకె పోయేది. వెనక్కి వెళ్ళి చూసుకుని వస్తే ఈసారి రెండోది పోయేది. పొద్దున టీం కాల్‌లో ఒకరు చెప్పింది, రెండోవాళ్ళు మొదలుపెట్టేసరికి చెరిగిపోయేది. నేనే రాసిన కోడ్ మూడుసార్లు చదివినా, కింది లైనుకి వచ్చేసరికి పై లైను ఏంటో గుర్తుండేది కాదు. చెప్పాలనుకున్న మాట నాలుక మీదకి రాకుండానే జారిపోయేది.

ఇంకోటి ఇంతకన్నా భయపెట్టింది. ఒక సాయంత్రం గాంధీబొమ్మల సెంటర్లో నిలబడ్డా. నేను పుట్టి పెరిగిన ఊరు. సైకిలు మీద కళ్ళు మూసుకుని తిరిగిన ఊరు. గుడికి వెళ్ళాలి. తొమ్మిది అంతస్తుల క్షీరారామం గోపురం చూసి దారి చెప్పేవాడికి కూడా చెప్పగలిగినవాణ్ణి. కానీ ఆ నిమిషం ఎటు తిరగాలో తట్టలేదు. షాపులన్నీ తెలుసు, వాటి పేర్లన్నీ తెలుసు. ఏది దేనికి ఏ పక్కన ఉందో మాత్రం తెలియలేదు. బొమ్మలన్నీ ఉండి, వాటిని గుచ్చిన దారం తెగిపోయినట్టు.

కష్టంలో ఉన్నప్పుడు మనవాళ్ళు "దిక్కు తోచడం లేదు" అంటారు. ఏం చెయ్యాలో తెలియకపోవడాన్ని మన భాష ఎటు వెళ్ళాలో తెలియకపోవడంతో కలిపేసింది. అంతవరకూ అది మాట వరసకి అనుకున్నా.

నా పని అంతా తలలోనే జరుగుతుంది. ఒక ప్రోగ్రాంలో పది భాగాలు ఉంటే ఆ పదీ ఒకేసారి బుర్రలో నిలబడాలి, అప్పుడే పదకొండోది రాయగలం. అది పోతే నా దగ్గర అమ్ముకోడానికి ఇంకేం లేదు. హోమ్‌లోన్ ఉంది, చెల్లి పెళ్ళి ఉంది. రాత్రిళ్ళు ఫోన్లో "చిన్న వయసులో మతిమరుపు" అని వెతుక్కునేవాణ్ణి. ఫోన్ ఎప్పుడూ ధైర్యం చెప్పదు.

మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పా. నవ్వుతారేమో అనుకున్నా. నవ్వలేదు. "మెదడు బాగానే ఉంది. దానికి అందుతున్న వార్తే సరిగ్గా లేదు" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని వెతకడం మొదలుపెట్టా. ఈసారి సరైన చోట వెతికా.

మెదడులో ఊరి పటం

మెదడు లోపల, రెండువైపులా, హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేసి రెండువైపులా దాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛ తగ్గింది. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కొత్త జ్ఞాపకం ఏర్పడటం ఆయనకి దాదాపు ఆగిపోయింది. రోజూ చూసే డాక్టరుని రోజూ కొత్తగా పలకరించేవారు.

1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, ఆయన విద్యార్థి దోస్త్రోవ్‌స్కీ కలిసి ఎలుకల్లో అదే హిప్పోక్యాంపస్‌ని పరిశీలిస్తే ఒక వింత కనపడింది. ఎలుక గదిలో ఒక మూలకి వస్తే ఒక కణం మోగుతోంది, ఇంకో మూలకి వస్తే ఇంకో కణం. అంటే జ్ఞాపకాలు దాచే చోటే ఊరి పటం కూడా గీసుకుంటోంది. 1984లో జేమ్స్ ర్యాంక్ ఇంకో రకం కణాలు చూపించారు. తల ఫలానా దిక్కుకి ఉన్నప్పుడే మోగే కణాలు, అంటే దిక్సూచి. 2005లో నార్వేలో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ దంపతుల బృందం గళ్ళ కాగితంలాగ చోటుని కొలిచే కణాలు కనిపెట్టారు. ఓకీఫ్‌కీ, మోసర్ దంపతులకీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది.

ఈ దిక్సూచికి ముల్లు ఎవరు తిప్పుతారు? చాలావరకు చెవి. అమెరికాలో స్టాక్‌మన్, టౌబ్ 1997లో ఎలుకల లోపలి చెవి పనిచెయ్యకుండా చేసి చూస్తే దిక్కు చెప్పే కణాలకి దిక్కు తెలియకుండా పోయింది. కళ్ళు బాగానే ఉన్నాయి, గది వెలుతురుగానే ఉంది, అయినా సరే. 2002లో చోటు చెప్పే కణాలూ అలాగే గందరగోళంలో పడతాయని తేలింది.

మనుషుల సంగతి 2005లో జర్మనీలో థామస్ బ్రాంట్ బృందం చెప్పింది. రెండు చెవుల్లోనూ ఈ సమతౌల్యపు నరాలు పూర్తిగా పోయిన 10 మందిని పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళతో పోలిస్తే వాళ్ళ హిప్పోక్యాంపస్ దాదాపు 17 శాతం చిన్నగా ఉంది. కంప్యూటర్ తెర మీద ఒక కొలనులో దాగిన గట్టుని వెతికే ఆటలో వాళ్ళు బాగా వెనకబడ్డారు. కుర్చీలో కదలకుండా కూర్చుని ఆడే ఆట అది. నడవలేక ఓడిపోయారనడానికి లేదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఇంకొకరు రాత్రి నిద్ర పాడుచేసుకుంటారు. అవి రెండు చెవులూ పూర్తిగా పోయినవాళ్ళ లెక్కలు. వాళ్ళలో కూడా దారికి, చోటుకి సంబంధించిన జ్ఞాపకమే దెబ్బతింది, మామూలు జ్ఞాపకశక్తి పరీక్షలు బాగానే చేశారు. ఒక్క చెవి పోయినవాళ్ళలో హిప్పోక్యాంపస్ అలా తగ్గినట్టు కనిపించలేదు. నాలాంటివాడికి పటం చిరిగిపోలేదు. కొన్నాళ్ళు దిక్సూచి ముల్లు ఊగిందంతే.

మరి ఓటీపీ సంగతేంటి? దానికి దారితో పని లేదు కదా.

బుర్రలో అవధానం

దీనికి జవాబు మన దగ్గరే ఉంది. అవధానం. తిరుపతి వెంకట కవుల్లో తిరుపతిశాస్త్రిగారిది భీమవరం పక్కన యండగండి. మా జిల్లాకి అవధానం కొత్త కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలు నిషేధిస్తారు, ఒకరు గంట కొడతారు, ఒకరు మధ్యలో అడ్డమైన ప్రశ్నలన్నీ వేస్తారు. అన్నిటినీ ధారణలో పెట్టుకుని చివరికి అప్పజెప్పాలి. అది ఏ కొద్దిమందికో సాధ్యం. ఎందుకంటే మనిషి ధ్యాస ఒక చిన్న బల్ల. దాని మీద పట్టేవి కొన్నే.

మామూలుగా నిలబడటం, నడవడం, చూపు నిలపడం ఆ బల్ల దాకా రావు. వెనక వంటింట్లో పని జరిగిపోతుంది. చెవి దెబ్బతింటే అది ముందు గదిలోకి వస్తుంది. గంట కొట్టే పృచ్ఛకుడు ఆపకుండా కొడుతూనే ఉంటాడు. పడతావేమో, పట్టుకో, గోడ ఎంత దూరం, మెట్టు ఎక్కడ. అడుగడుక్కీ అప్రస్తుత ప్రసంగమే. ఇక ఆరు అంకెలు ఎక్కడ పెట్టను? మా భాషలో చెప్పాలంటే, తెర మీద ఏమీ కనపడకుండానే వెనకాల ఒక ప్రోగ్రాం మెమొరీ అంతా తినేస్తోంది. ఫోన్ పాడవలేదు, నెమ్మదించింది.

1952లో అమెరికాలో ఒక పేరున్న వైద్యపత్రికలో ఒక డాక్టరు తన అనుభవం రాశారు. స్ట్రెప్టోమైసిన్ మందు వల్ల ఆయనకి రెండు చెవుల్లోనూ ఈ వ్యవస్థ పోయింది. ఒకప్పుడు క్షయకి మన దగ్గరా బాగా వాడిన ఇంజెక్షనే అది. మంచం మీద పుస్తకం చదవాలంటే తలగడవైపు ఊచల మధ్య తల ఇరికించుకోవాల్సి వచ్చేదట. లేకపోతే నాడి కొట్టుకున్నప్పుడల్లా తల కదిలి అక్షరాలు గెంతేవి. నడుస్తూ ఉంటే ఎదురొచ్చే మనిషి మొహం గుర్తుపట్టలేకపోయేవారు. ఆగితే గుర్తుపట్టేవారు. అలాంటి మనిషిని పక్కనుంచి చూసినవాళ్ళు ఏమనుకుంటారు? "ఈయనకి మతి పోయింది, పలకరించినా పలకట్లేదు" అనే కదా.

ఇక్కడే చాలామంది అడిగే ప్రశ్న ఒకటి. "అయితే చెవులు పట్టుకుని గుంజీలు తీస్తే తెలివి పెరుగుతుందన్నది నిజమేనా?" వినాయకుడి ముందు తీసే గుంజీలకి ఇప్పుడు ఇంగ్లీషు పేరు పెట్టి వీడియోలు కూడా వస్తున్నాయి. మనం పట్టుకునే చెవితమ్మెకీ, ఎముకలో దాగిన ఈ యంత్రాంగానికీ సంబంధం లేదు. తమ్మెని ఎంత లాగినా దానికి తెలియదు. పైకీ కిందకీ లేచి కూర్చోవడం మాత్రం శాక్యూల్‌కి బాగానే తెలుస్తుంది, కాళ్ళకీ మంచిదే. తీస్తే తియ్యండి, మార్కులు మాత్రం చదివితేనే వస్తాయి.

కాలవ గట్టు వైద్యం

తిరగకుండా ఇచ్చే మాత్రలు మొదటి కొద్దిరోజులకే అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నెలల తరబడి మింగితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుందట. నా వాడి పోయిన నరం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కానీ తగ్గిన పళ్ళేన్ని లెక్కలోకి తీసుకుని మెదడు త్రాసుని మళ్ళీ సరిచేసుకుంటుంది. అలా చేసుకోవాలంటే దానికి పని పెట్టాలి. తిరుగుతుందన్న భయంతో కదలకుండా కూర్చుంటే అది నేర్చుకోదు.

గోడ మీద ఒక అక్షరం అంటించి, చూపు దాని మీదే ఉంచి తల అటూ ఇటూ తిప్పాలి. మొదట రోజుకి మూడుసార్లు, నిమిషం చొప్పున. అదే నరకంలా ఉండేది. తర్వాత నిలబడి, తర్వాత దిండు మీద నిలబడి, తర్వాత నడుస్తూ. ఇలాంటి వ్యాయామాల్ని 1940ల్లోనే ఇంగ్లండ్‌లో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు తయారుచేశారు. ఖరీదైన పరికరాలేం లేవు.

నేను నరసాపురం కాలవ గట్టుని పట్టుకున్నా. పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. ఎదురుగా చూస్తూ పది అడుగులు, కొబ్బరిచెట్ల వైపు తల తిప్పి పది అడుగులు, నీళ్ళ వైపు తిప్పి పది అడుగులు. మొదట్లో నీళ్ళ వైపు తిప్పితే కాళ్ళూ నీళ్ళ వైపే పోయేవి. కొబ్బరికాయల ట్రాక్టరు తోలుకెళ్ళే ఆయన ఒకరోజు ఆపి, "ఏమండీ, పొద్దున్నే మొదలెట్టేశారా?" అని అడిగాడు. చెవి జబ్బని చెబితే నమ్మినట్టు లేదు.

ఆరు వారాలకి గట్టు మీద తిన్నగా నడిచా. మూడు నెలలకి ఓటీపీ ఒక్కసారికే కొట్టా. గాంధీబొమ్మల సెంటర్ ఎప్పుడు సర్దుకుందో తేదీ చెప్పలేను. ఒకరోజు నడిచి ఇంటికొచ్చాక, దారి గురించి ఆలోచించలేదని గుర్తొచ్చింది. ఇప్పటికీ చీకట్లో మెత్తటి ఇసుక మీద నడిస్తే కొంచెం తేడా చేస్తుంది. కన్ను, పాదం సాయం చెయ్యని చోట చెవి ఒక్కటే దిక్కు కదా.

మా మామ్మ ఎందుకు కూర్చుండిపోయింది

నా సంగతి సర్దుకున్నాక ఇంట్లో ఇంకో మనిషి మీద అనుమానం వచ్చింది. మా మామ్మకి 79. ఏడాదిగా గడప దాటడం మానేసింది. కార్తీకమాసం సోమవారాలు గుడికి వెళ్ళకుండా ఉండని మనిషి, "ఇంట్లోనే దీపం పెట్టుకుంటాలే" అనడం మొదలెట్టింది. పేర్లు తడబడుతోంది. చుట్టాలందరూ తీర్పు చెప్పేశారు: పెద్దావిడకి మతి తగ్గింది.

ఒక రోజు పక్కన కూర్చుని అడిగా. "మామ్మా, నీకు కళ్ళు తిరిగేది లేచి నిలబడ్డప్పుడా, పక్కమీద పక్కకి ఒత్తిగిల్లినప్పుడా?"

"ఒత్తిగిల్లితేనేరా అబ్బాయ్. కుడిపక్కకి తిరిగానంటే ఇల్లంతా గిర్రున తిరిగిపోద్ది. ఓ అరనిమిషం. అందుకే కూర్చునే నిద్దరోతున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన సంక్రాంతి నుంచి. ముసలితనం కదా, ఎవరికి చెప్పుకోను?"

ఇది నాకొచ్చిన జబ్బు కాదు. ఇందాక చెప్పిన సున్నపు స్ఫటికాలు వయసు పెరిగేకొద్దీ ఊడి, వెనక కాలవలోకి జారిపడుతుంటాయి. పడుకుని తిరిగినప్పుడల్లా అవి దొర్లి, లేని కదలికని ఉన్నట్టు చెబుతాయి. 1921లో రాబర్ట్ బరానీ దీన్ని వర్ణించారు. చెవిలో చల్లటి నీళ్ళు, వేడి నీళ్ళు పోసి ఈ వ్యవస్థని పరీక్షించే పద్ధతి కూడా ఆయనదే. 1914 నోబెల్ ఆయనకి ప్రకటించినప్పుడు ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నారు. దీనికి మందు వెతికింది అమెరికాలో జాన్ ఎప్లీ. ఆయన కనిపెట్టింది మాత్ర కాదు, తలని ఒక వరసలో నాలుగైదు భంగిమల్లో తిప్పి స్ఫటికాలు వచ్చిన దారినే వెనక్కి దొర్లించడం. 1992లో ఆ పద్ధతిని పత్రికలో ప్రచురించారు.

భీమవరం డాక్టరుగారు మామ్మకి అదే చేశారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. వారం తర్వాత ఇంకోసారి. మందుల చీటీ ఇవ్వకపోయేసరికి మామ్మకి నమ్మకం కుదరలేదు, "ఓ సూదైనా వెయ్యండి బాబూ" అని బతిమాలింది.

అమెరికాలో 2009లో యూరీ అగ్రవాల్ బృందం ఇచ్చిన లెక్క ప్రకారం 40 ఏళ్ళు దాటినవాళ్ళలో 35 శాతం మందికి ఈ సమతౌల్య వ్యవస్థలో ఏదో ఒక లోపం ఉంది. మన ఇళ్ళలో ఎందరో తెలియకుండానే కుర్చీకి అతుక్కుపోయి ఉంటారు. పడతామని భయం, భయంతో బయటికి వెళ్ళరు, వెళ్ళకపోతే ఊరు మరచిపోతారు, మాట్లాడే మనుషులు తగ్గుతారు. మతి తగ్గిందని మనం అంటాం. నిజంగా తగ్గినవాళ్ళూ ఉంటారు. కానీ ముందు చెవి చూపించి ఆ తర్వాత ఆ మాట అందాం.

ఒక్క జాగ్రత్త. కళ్ళు తిరగడంతోపాటు మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనపడినా, ఒక చెయ్యో కాలో చచ్చుబడినా, అసలు నిలబడలేకపోయినా, ఎన్నడూ రానంత తలనొప్పి వచ్చినా అది చెవి అనుకోకండి. పక్షవాతం కావచ్చు. ఆ క్షణమే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. అలాగే ఎప్లీ పద్ధతిని వీడియో చూసి ఇంట్లో మొదలెట్టకండి. స్ఫటికాలు ఏ చెవిలో, ఏ కాలవలో పడ్డాయో తెలియాలి, మెడ బాగుండాలి.

మామ్మకి మతిమరుపు పోయిందా అంటే, పోలేదు. ఇప్పటికీ నన్ను పిలవాలంటే ముందు మా బాబాయి పేరు, తర్వాత నాన్న పేరు, ఆ తర్వాతే నా పేరు వస్తుంది. కానీ కుడిపక్కకి తిరిగి పడుకుని నిద్రపోతోంది. పోయిన కార్తీకంలో నాలుగు సోమవారాలూ క్షీరారామం వెళ్ళింది. వచ్చాక క్యూలో ఎవరు కలిశారో, ఎవరి మనవరాలికి సంబంధం కుదిరిందో, ప్రసాదంలో ఉప్పెంత తక్కువైందో గంటసేపు చెప్పింది. అన్నీ గుర్తున్నాయి.